దొరసాని వేలు పడ్తలేదు

కూసో, కూసో అంటవేంది మేడం? నేను కూసుంటె గా విమానం గూడ కూసుంటదా?

అరగంటాయె గీ కుర్చీల కూసోవెట్టి. నా ఎనుక నిలవడ్డోల్లందరు పాసుపోర్టుకు ముద్దర ఏయించుకోని నాకు చెయ్యూపుకుంట పోయిర్రు. "అవ్వా, పోతున్నం" అని. నేనేమన్న బస్టాండుల తప్పిపోయిన ముసల్దాన్నా, వచ్చెటోల్లు పోయెటోల్లు నా మొకం సూసుడు?

నీకు తెలుగొస్తది గదా? ఆఁ, గా నవ్విన తీరు సూస్తెనే సమజైంది. గా కౌంటర్ల ఉన్న సారుకు రాదు. ఆయిన హిందీల అడుగుడు, నేను తెలుగుల చెప్పుడు, నా ఎనుకున్న జగిత్యాలాయిన నడుమ మాట చెప్పుడు. ఈయిన ఏమడిగిండో, ఆయిన ఏం చెప్పిండో, ఇద్దరు గలిసి నన్ను నీ ముంగట దెచ్చి పడేసిర్రు.

మల్ల మొదటికెల్లి చెప్పాల్నా? చెప్త. రాసుకుంటవా? రాసుకో, నాకేం భయం.

నా పేరు కమలవ్వ. పాసుపోర్టుల ఉత్త కమల అని రాసిర్రు, అవ్వ ఎటువోయిందో నాకెరుక లేదు. మాది సిరిసిల్ల. మా ఆయిన సాంబయ్య సాంచల మీద బట్ట నేస్తడు. నలభై ఏండ్లు గా మర మగ్గాల చప్పుడు ఇని ఇని, ఇప్పుడు నేను తిట్టినా ఇనవడది. మా సంసారంల గదొక్కటే సుఖం. నేను బీడీలు చేసుడు. ఇప్పుడు కండ్లు ఆనుతలెవ్వని బందు వెట్టిన.

ఆఁ? పనికి గాదు మేడం! గా సారు గదే అడిగె, నువ్వు గదే అడుగవడ్తివి. నన్ను సూడు. గీ మోకాళ్లు సూడు. గిసొంటిదాన్ని దుబాయిల పనికెవలు పెట్టుకుంటరు? పెట్టుకుంటె ఆళ్లే నాకు పని చెయ్యాలె.

నేను పసిపిల్లకు నీళ్లు పోయవోతున్న.

అగో, కలం ఆపినవ్. నీళ్లు పోసుడు పని గాదా అంటవా? గట్లయితె అన్నం దినిపిచ్చుడు గూడ పనే, జో కొట్టుడు గూడ పనే. జీతం లేదు, గీతం లేదు. నలభై దినాలుండి మల్ల సిరిసిల్లల వడ్త. మా ముసలాయినకు కూర ఒండుడు రాదు, ఎన్నొద్దులని పచ్చిపులుసు తాగుతడు?

తిరుగుడు టికెట్టా? ఉన్నది. ఎందుకు లేదు? దుబాయికెల్లి రమ్మని పంపిన చిట్టీ గూడ ఉన్నది. దొరసాని అల్లుడు విక్రాంత్ బాబు సంతకం జేసి పంపిండు. అన్ని కాయిదాలున్నయ్.

ఏవి అంటవా?

గదే గద నా గోస. నా తాన లెవ్వు. దొరసాని బ్యాగుల ఉన్నయ్. "నీ సంచిల వెడితె మడత నలిగిపోతది కమలవ్వా, నా తాన ఉండనీ" అన్నది. పాసుపోర్టొక్కటి చేతికిచ్చింది, గా విమానం చిట్టీ చేతికిచ్చింది. పిలగాండ్లకు పలక, బలపం ఇచ్చి బడికి తోలినట్టు లైన్లకు తోలింది.

దొరసాని అంటె తారాబాయి. మా ఊరి దామోదర్‌రావు దొర భార్య. మానేరు వాగు కింద సగం పొలం ఆళ్లదే. ఆళ్ల బిడ్డ స్నిగ్ధ. గా స్నిగ్ధ పుట్టినప్పుడు మూడు నెలలు నీళ్లు పోసింది నేనే. నా కాళ్ల మీద పండవెట్టి, నెత్తికి నూనె రుద్ది, ముక్కు సక్కగ ఒత్తి... ఇయ్యాల గా పొల్ల ముక్కు చూస్తె ఎవలన్న మెచ్చుకోవాలె, గది నేను ఒత్తిన ముక్కు.

ఇప్పుడు గా పొల్లకు బిడ్డ పుట్టింది. కోత ఆపరేషన్ చేసిర్రు. గాడ నీళ్లు పోసుడు ఎవలకు రాదు. నర్సులు బొమ్మను తుడిసినట్టు తుడుస్తరట. నేను పోవుడు ముందుగాలనే అనుకున్నదే, అయినా స్నిగ్ధ పోనుల ఏడ్సింది. "కమలవ్వా, నువ్వే రావాలె, మా మమ్మీకి రాదు" అన్నది. మమ్మీ పక్కకే ఉన్నది, మొకం మాడిపోయింది. ఎల్లుండి ఇరవై ఒక్క దినాలు నిండుతయ్, తొట్టెల. పిల్లను తొట్టెలల ఎయ్యాలె, పేరు పెట్టాలె. ఇయ్యాల గీ విమానం తప్పితె ఇగ పోయి ఏం లాభం?

దొరసాని ఏది అంటవా? గాడ. అద్దాల తలుపుల తాన సూడు. ఆకుపచ్చ పట్టుచీర, చేతికి నల్ల బ్యాగు. ఆఁ, గామెనే. వేలు పెడ్తుంది సూడు.

అగో, మల్ల పెడ్తుంది.

కొంగుకు తుడుసుకోని మల్ల పెడ్తుంది.

నవ్వకు మేడం. నువ్వు నవ్వితె నాకు నవ్వొస్తది.

గా గేటు సంగతి నీకెరుకనే. ముందుగాలనే పేరు రాయించుకోని, వేలు, మొకం ఇచ్చి పెట్టుకున్నోల్లకు వేరే తొవ్వ. నీ అసొంటోల్లతోని మాట్లాడే పనే లేదు. పాసుపోర్టు పెట్టు, వేలు పెట్టు, తలుపు తెర్సుకుంటది, పో. నీకే చెప్తున్న సూడు, నువ్వీడనే కొలువు చేస్తున్నవ్.

నెల కింద దొరసాని పేరు రాయించుకోను పట్నం వచ్చింది. "నువ్వు గూడ రా కమలవ్వా, ఇద్దరం ఒక్కపాలే పోవచ్చు" అని నన్ను గూడ తోల్కొచ్చింది. అబద్ధమెందుకు, మంచితనానికే తోల్కొచ్చింది. ఆమె వేలు పెట్టంగనే పడ్డది. ఇగ నేను పెట్టిన. పడలే. బొటనవేలు పడలే, సూపుడు వేలు పడలే. గాడున్న పొల్ల తుడిసింది, నొక్కింది, ఊదింది. ఏం లేదు.

ఇయ్యి సూడు నా వేళ్లు. పట్టి సూడు, ఏం గాదు. ముప్పై అయిదేండ్లు తునికాకుల తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి... గీతలన్ని బీడీలల్లకే పోయినయ్. ఎవలెవలో తాగి ఊదేసిర్రు. రేషన్ బియ్యం కాడ గూడ గిదే లొల్లి. నా కండ్లు మిషన్‌కు సూపెట్టిచ్చి బియ్యం ఇస్తరు.

గది దొరసానికి ఎరుకనే. ఎరుకుండి గూడ ఏమన్నదో చెప్పాల్నా? గంత మంది ముంగట పకపక నవ్వింది. "కమలవ్వా, నువ్వు దొంగతనం చెయ్యాల్సింది, ఎవలూ పట్టుకోకపోదురు" అన్నది. గాడ ఉన్నోల్లందరు నవ్విర్రు. నేను గూడ నవ్విన. నవ్వక ఏం జేస్త?

ఇంటికి వచ్చినంక అన్నం దినకుంటనే పండుకున్న.

సరే, గాడికి ఇడిసిపెడ్తె అయిపోవు. ఇడిసిపెట్టలే. ఇంటికి ఎవలొచ్చినా గదే ముచ్చట. "నాకు అర నిమిషం. కమలవ్వ లైన్ల నిలవడి వచ్చెవరకు నేను అవుతల కూసోని కాఫీ తాగుత." పాలోనికి చెప్పింది, పూలామెకు చెప్పింది. ఇయ్యాల పొద్దుగాల కారెక్కినంక డ్రైవర్ ఓంప్రకాశ్‌కు చెప్పింది. సిద్ధిపేట దాటెదాంక చెప్పింది. ఆయినకు పాసుపోర్టే లేదు, పాపం, "అవునమ్మా, అవునమ్మా" అనుకుంట బండి నడిపిండు.

అగో, మల్ల. ఇప్పుడు ఎడమ చెయ్యి పెడ్తుంది. ఎడమ చెయ్యి ఎందుకు పెడ్తుందమ్మా, గదెట్ల పడ్తది?

పక్కన ఉన్న సారు చెయ్యి సూపెడ్తుండు సూడు, మామూలు లైన్లకు పొమ్మని. పోదు. నాకెరుక, పోదు. గా లైన్ల నిలవడితె నన్ను గలవాలె గద? ఎనుక కోటేసుకున్నాయిన రెండుసార్లు గడియారం సూసుకుండు. గా ఆయిన గూడ అర నిమిషం అనుకొనే వచ్చుంటడు.

ఎందుకు పడ్తలేదు అంటవా?

నాకేం ఎరుక మేడం? మిషనాయె. మిషన్ల సంగతి నాకేం ఎరుక?

గట్ల సూడకు.

సరే. చెప్త. గని గిది రాయద్దు. కలం కింద వెట్టు. పెట్టినవా? మూత గూడ పెట్టు.

నిన్న పొద్దుగూకంగ దొరసాని ఇంటికి పోయిన. ఆళ్ల పెరట్ల మైదాకు చెట్టున్నది. గదే, మీరు గోరింటాకు అంటరు. "దొరసానీ, మనుమరాలిని సూడవోతున్నరు, ఉత్త చేతులతోని పోతరా? తొట్టెలనాడు చేతులు ఎర్రగ ఉండాలె గద?" అన్న. మురిసిపోయింది. "నాకు యాదే లేదు కమలవ్వా" అన్నది. ఇగ నేనే ఆకు దెంపిన, నేనే నూరిన. మెత్తగ, వెన్న లెక్క నూరిన. అండ్ల చాయ డికాక్షన్ పోసిన, నిమ్మకాయ పిండిన.

అరిచేతుల నడుమ ఒక్క సందమామ పెట్టిన. గది ఊకెనే, సూపు కోసం.

అసలు పని వేళ్ల కొసలకు. పదింటికి పది టోపీలు. గింత మందం! ఆరినంక మల్లొకపాలి పెట్టిన. "రెండుసార్లెందుకే?" అన్నది. "మీకు రంగు జల్ది పండది దొరసానీ, ఒంటి తీరు గట్లాంటిది" అన్న. ఒంటి తీరు అని ఎవలన్న అంటె మనిషి ఇగ ఏం అడుగది, అవునేమో అనుకుంటది. కడిగినంక పైకెల్లి లవంగ నూనె రుద్దిన. వేళ్లు పండినయ్ మేడం... నల్లగ, నేరేడు పండ్ల లెక్క!

నాకెట్ల తెలుసునంటె, మా ఇంటి పక్కన వనజ ఉన్నది. చెల్లె పెండ్లికి గిట్లనే టోపీలు పెట్టుకోని, తెల్లారి రేషన్ దుకాణానికి పోయింది. వేలు పడలే. పది దినాలు తిరిగింది. నేను గీతల్లేక, ఆమె మైదాకు ఎక్కువై, ఇద్దరం గాడ అరుగు మీద కూసునేది. గా అరుగు మీద నేర్సుకున్న సదువు గిది.

నవ్వు, నవ్వు. గంత పెద్ద ఆఫీసరువు, నోటికి చెయ్యి అడ్డం వెట్టుకోని నవ్వుతున్నవ్. మీ సారు సూస్తుండు సూడు.

ఇయ్యాల ఈడికొచ్చినంక ఏమైందంటె, సామాన్లిచ్చినం, ఇద్దరం గీ హాలుల అడుగు వెట్టినం. దొరసాని కొంగు సదురుకోని, "సరే కమలవ్వా, అవుతల కలుద్దాం" అన్నది. ఊరేగింపుల పెండ్లిపిల్ల లెక్క పోయింది. నేను లైన్ల నిలవడ్డ. నాకు లైన్లు కొత్తనా? బియ్యానికి లైను, పింఛనుకు లైను, గ్యాసుకు లైను. నా అయిష్షుల సగం ఒకని ఈపు సూసుకుంటనే గడిసింది.

ముంగటున్నోల్లందరు మన దిక్కోల్లే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి. దుబాయికి, మస్కట్‌కు పోతున్నరు. "అవ్వా, ఎక్కడికి?" అన్నరు. "తొట్టెలకు" అన్న. "అరే, అవ్వ తొట్టెలకు పోతుందటరా, జరుగుర్రి!" అని ఒక్కొక్కడు పక్కకు జరిగిండు. పది నిమిషాలల్ల కౌంటర్ ముంగటికొచ్చిన. ఎనుకకు మల్లి సూసిన. దొరసాని గాడనే ఉన్నది. వేలు నొక్కుతుంది!

అబ్బ... గప్పుడు నా సంబురం ఏం చెప్పాలె మేడం. గీతలు లేనిదాన్ని నేను ముందు, గీతలున్నామె ఎనుక. రెండు చేతులు పైకెత్తి ఒర్రాలె అనిపిచ్చింది.

గా సంబురం ఎంతసేపు? గా సారు పాసుపోర్టు తిప్పి సూసిండు. "అకేలీ?" అన్నడు. గంత హిందీ నాకొస్తది. ఒక్కదానివేనా అని. కాదు, దొరసాని ఉన్నది అన్న. ఏది అన్నడు. సూపెట్టిన. కాయిదాలేవి అన్నడు. సూపెట్టిన. అంటె, గా నల్ల బ్యాగు దిక్కు సూపెట్టిన. ఆయినకు అనుమానం వచ్చింది. సదువురాని ముసల్ది, ఒక్కతి, చేతుల ఒక్క కాయిదం లేదు, దుబాయికి పోతుంది. ఎవలన్న మోసం చేసి తీస్కపోతున్నరా అని. మంచిదే, అడుగాలె. మా గల్లీల కొమురవ్వ బిడ్డను గట్లనే వంటపనికని తీస్కపోయి రెండేండ్లు ఇల్లు కదలనియ్యలే. అడుగుడే మంచిది.

గని ఇప్పుడు నా వంతు వచ్చె. ఆమె రాందె నేను కదల. నేను పెట్టిన మైదాకు పోందె ఆమె కదలది. నేనే దొరసాని కాళ్లకు దారం కట్టిన, గా దారం ఇంకో కొస నా కాళ్లకే ఉన్నది.

ఏందది, గా మైకుల? దుబాయిదేనా? ఎక్కుర్రి అంటున్నరా? అయ్యో!

మేడం, ఒక్క కేక ఎయ్యనియ్యి. ఒక్కటే. మాతాన సాంచల చప్పుడుల మాట్లాడి మాట్లాడి నా గొంతు పెద్దగైంది, గాడిదాంక ఇనవడ్తది.

దొరసానీ! ఓ దొరసానీ! ఇటు రాండ్రి! కాయిదాలు!

...

సూసినవా?

సూసినవా లేదా? ఇటు సూసింది. నన్ను సూసింది. సూసి మొకం అటు తిప్పుకున్నది. ఎవలో పిచ్చిది ఒర్రుతుందన్నట్టు.

నవ్వొస్తలేదు ఇప్పుడు.

గా కోటాయిన ముంగట "దొరసానీ" అన్నందుకు సిగ్గయిందేమో. లేకుంటె నా అసొంటిది ఎరుకున్నదని సిగ్గయిందేమో. పోనీ. నలభై ఏండ్లకెల్లి ఆళ్లింట్ల నేను తాగే చాయ గిలాస వేరేనే. కిటికీల బోర్లిచ్చి ఉంటది. నేనే కడిగి నేనే బోర్లిస్త. నేనెన్నడు ఏం అనలే. ఇయ్యాల గూడ అన.

ఏంది మేడం, లేస్తున్నవ్? ఎక్కడికి? నువ్వే పోతవా? ఆమెను కోపం జెయ్యకు. పెద్ద మనిషి. నేను చెప్పిన అని మాత్రం అంటివో, నేను చచ్చిపోత. మైదాకు ముచ్చట అసలే తియ్యకు. నా మీద ఒట్టు. నువ్వు తియ్యవు, నాకెరుక.

...

రాండ్రి దొరసానీ. కూసోండ్రి. ఈడ చల్లగుంది. లేదు లేదు, నేనేం అనలే. మేడమే మీ దిక్కు సూసి, ఎవలో పెద్దమ్మ పరేషాన్ అయితుంది అని లేసి వచ్చింది. ఎంత మంచి పిల్ల సూడుర్రి.

వేలా? వేలు పడకపోతె ఏమాయె? మిషన్లు గిట్లనే ఉంటయ్. మైదాకా? మైదాకుకు, మిషన్‌కు ఏం సంబంధం దొరసానీ? రంగు మాత్రం... అబ్బ, ఎంత మంచిగ పండింది! మేడం, నువ్వన్న సూడు. పండలేదా? మా ఊరి మైదాకే గంత.

దగ్గకు మేడం, నీళ్లు తాగు.

ఆమెను అడుగు. నన్నెందుకు సూస్తవ్, నేను చెప్పేదంతా చెప్పిన. ఆమెనే అడుగు, నేను ఆమెకు ఏమైతనో.

చెప్పుర్రి దొరసానీ. మేడం రాసుకుంటుంది.

"మా ఇంటి మనిషి." రాసుకో మేడం. ఇంటి మనిషి అన్నది.

ఇంటి మనిషంటే ఎవలు అంటున్నదమ్మా మేడం. పనిమనిషా అని అడుగుతుంది. పనిమనిషి అయితె గీ వీసా మీద పోనియ్యరట. ఇద్దరిని ఈడనే కూసోవెడ్తరట. తొట్టెల ఎల్లుండే. నేనేం చెప్పను దొరసానీ? మీరే చెప్పాలె. నా నోటితోని నేను చెప్పుకుంటె బాగుంటదా?

అగో, మల్ల మైకుల అంటున్నరు.

ఏందీ?

మల్లొక్కపాలి చెప్పుర్రి, మేడంకు ఇనవడలేదట. నీకు ఇనవడ్డదా మేడం? ఇనవడలేదు గద?

"అక్క."

"నాకు అక్క అవుతది. నా బిడ్డను పెంచింది." మేడం, నేను అనలే. ఆమె నోటితోని ఆమే అన్నది. రాసుకున్నవా? అక్షరాలు పెద్దగ రాయి.

కాయిదాలా? తియ్యిర్రి దొరసానీ. అగో, తిరుగుడు టికెట్టు. అగో, విక్రాంత్ బాబు చిట్టీ. అగో, హాస్పిటల్ చిట్టీ. అన్ని ఉన్నయ్ మేడం, నేను చెప్పలే? ఏందీ? నా కాయిదాలు నా తాననే ఉండాల్నా? ఇన్నరా దొరసానీ, మేడం అంటున్నది. ఎవలియి ఆళ్ల తాన. ఇటియ్యిర్రి. నా సంచిల మడత నలగదు, బీడీల కట్టలు ముప్పై అయిదేండ్లు నలగలే.

ఆమెకు ముద్దర ఏసినవా? మంచిది. పోండ్రి దొరసానీ, మీరు నడుస్తుండుర్రి. నా పాసుపోర్టుకు ముద్దర పడంగనే వస్త. గా గీత దాటినంక నిలవడుర్రి. గాడనే, ఎటూ పోకుర్రి.

...

ఒక్క మాట మేడం. ఆమె దూరం పోయింది, ఇనవడది.

నీ అసొంటి మంచి పిల్లతోని సగం చెప్పి సగం దాస్తె నాకు మంచిగనిపిస్తలేదు. నవ్విందని మైదాకు పెట్టిన అన్న గద? అబద్ధం గాదు. గని నవ్వు నాకు కొత్తనా? ఆమె నవ్వుడు, నేను నవ్వుడు, నలభై ఏండ్లకెల్లి నడుస్తనే ఉన్నది. గంత మాత్రానికి ఆకు నూరుత కూసుంటానా?

నాకు భయమైంది బిడ్డా.

నెల దినాలకెల్లి ఆమె ఒకటే అంటుంది, నేను అటు పోత, నువ్వు ఇటు రా అని. ఆమె అర నిమిషంల పోతది. మరి నేను? బోర్డు సదువరాదు. హిందీ రాదు. ఎవలన్న ఆపి ఏమన్న అడిగితె ఏం చెప్పాలె? ఎటు తిరుగాలె? ఎక్కాల్సిన విమానం గాక ఇంకోటి ఎక్కితె? మా ఆయినకు చెప్తె ఇనవడలే. గట్టిగ చెప్దామంటె గల్లీ మొత్తం ఇంటది. కండ్లు మూస్తె గిదే కల, నేనొక్కదాన్ని గచ్చు మీద నిలవడ్డట్టు, అందరు నా పక్కకెల్లి పోతున్నట్టు.

లైన్లు నాకు కొత్తనా అని నీ ముంగట పెద్ద గొప్ప చెప్పుకున్న. మా ఊరి లైన్ల నిలవడుడు వేరు. గాడ ముంగట రాజమున్నా, ఎనుక వెంకటున్నా, నేనెవలో ఎరుకున్నోల్లే ఉంటరు.

ఆమెను ఆపాలెనని గాదు. ఆమె వేలు పడకపోతె, ఇగ తప్పక వచ్చి నా పక్కన లైన్ల నిలవడ్తదనుకున్న. గంతే.

దొరసానీ, నాకు భయమైతుంది, నా ఎంబడి ఉండుర్రి అని అడిగితె అయిపోవు అంటవా? అడుగచ్చు. ఎన్నిసార్లు నోటిదాంక వచ్చిందో! గని అడుగరాలే. పది వేళ్లకు ఇరవై టోపీలు పెట్టుడే అల్కగ అనిపిచ్చింది.

ఏసినవా ముద్దర? ఇటియ్యి. నీ చేతులు సల్లగుండ. పెండ్లయిందా నీకు? పిల్లలు పుట్టినప్పుడు సిరిసిల్లకు కబురు వెట్టు, నేనే వచ్చి నీళ్లు పోస్త.

దొరసాని నిలవడ్డదా? నా కండ్లకు దూరం ఆనది, నువ్వు సూసి చెప్పు.

లేదా?

పోతనే ఉన్నదా, ఎనుకకు గూడ సూడకుంట?

...సరే తియ్యి. అక్క అన్నది గద ఒక్కపాలి. నువ్వు రాసుకున్నవ్ గద. ఇగ గంతకంటె ఏం జేస్తది?

మేడం, జర చెప్పు. గా తలుపు దాటినంక నేను ఎడమకు తిరుగాల్నా, కుడికా?